మా నైన చూసిన పాటలు

బడిలో చేరిన మొదటి రోజే నేను దెబ్బ తిన్నాను. టీచరమ్మ నా పేరు అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగి, నోట్లో ఏం పెట్టుకున్నావని తమిళంలో అరిచి, అరచేతి మీద స్కేలుతో ఒకటి అంటించింది. నేను మూడుసార్లూ నిజంగానే చెప్పాను. కాకపోతే మా ఇంట్లో చెప్పుకునేటట్టు చెప్పాను, గొంతు లేకుండా, పెదాలతో.

మా ఇల్లు తమిళనాడులో రాజపాళయం పక్కన సత్రపట్టిలో. తరతరాల కిందట వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళం. ఇంటి గోడకు ఆనుకొని మరమగ్గాల షెడ్డు, అందులో పన్నెండు మగ్గాలు. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే పల్చటి బ్యాండేజి గుడ్డ నేస్తాం. మగ్గం ఆడుతుంటే నూలు కండెను మోసే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకు ఎగిరి తన్నుకుంటుంది. పన్నెండు నాడెలు కలిసి తన్నుకుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకని షెడ్డులో ఎవరూ అరవరు. ఎదురుగా నిలబడి పెదాలు బాగా విప్పి మాట ఆడించి చూపిస్తారు, అవతలివాళ్ళు చూసి తెలుసుకుంటారు. దారం తెగిందన్నా, కండె అయిపోయిందన్నా, అన్నానికి పదమన్నా అంతే. షెడ్డు ఆ చివరినుంచి ఈ చివరికి కబుర్లు నడిచిపోతుంటాయి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. మా అమ్మ షెడ్డు వైపు తెరుచుకునే వంటింటి కిటికీలోంచి పెదాలతోనే తిట్టేది. ఒక్క తిట్టు కూడా పక్కింటికి వినపడదు, నాకు మాత్రం అన్నీ అందేవి.

దానివల్ల నాకు రెండే గొంతులు వచ్చాయి. ఒకటి అసలు లేనిది, ఇంకొకటి పన్నెండు మగ్గాల మీద అరిచేది. మధ్యలో నెమ్మదిగా, ముద్దుగా మాట్లాడటం అనేది ఒకటుందని బడికి వెళ్ళాకే తెలిసింది. ఈ రోజుకీ నాకది సరిగ్గా రాదు. పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది.

మా వైపు నాన్నను నైనా అంటాం. నాకు ఊహ తెలిసేసరికే మా నైనకు చెవులు సగం పోయాయి. నాకు పదేళ్ళు వచ్చేసరికి మిగతా సగమూ పోయాయి. కానీ ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనరు. నైన అస్సలు అనడు. ఎవరు మాట్లాడినా నోటివంక చూస్తూ జవాబిస్తాడు, కొత్తవాళ్ళు ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే అమ్మ ఏదో వంకతో ఆయన భుజం తట్టి అటు తిప్పుతుంది. టీవీ పెట్టుకుని సౌండు ఆపేసి, "సౌండు ఏంటికి, తల నొస్తాది" అంటాడు. మగ్గంలో తేడా వస్తే చట్రం మీద అరచెయ్యి ఆనించి కనిపెట్టేస్తాడు. చెవులు పోయినవాడికి మగ్గం పోయినట్టేనని మా ఊళ్ళో ఒక మాట. ఆ మాట తన మీద పడకుండా ఆయన అన్నేళ్ళు కాపాడుకున్నాడు, మేమూ కాపాడాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు టౌనులో తిరునాళ్ళకు పాటకచ్చేరి పెట్టారు. ఇంకా పొద్దు గూకలేదు. నైనా నేనూ ముందుకు పోయి, నాకంటే ఎత్తున్న స్పీకరు పెట్టె పక్కన నిలబడ్డాం. ఎలక్ట్రిక్ గిటార్ వాయించే ఆయన కాలితో ఏదో నొక్కాడు. అంతే, శబ్దం చిరిగిపోయి వచ్చి నా గుండెలకు తగిలింది. మగ్గాల్లాంటి శబ్దమే, కాని ఇది ఎక్కడికో పోతూ ఉంది. నైన వైపు చూశాను. స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. నలుగురిలో ఉన్నప్పుడు నైన కళ్ళు మూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. కళ్ళు మూస్తే ఆయనకు లోకం మొత్తం మూసుకుపోయినట్టే కదా.

ఆయన కళ్ళు తెరిచాక గిటార్ చూపించి, "నేను ఆ పని చేస్తా" అన్నాను పెదాలతో.

"సెరి, చెయ్యి" అన్నాడు.

నాకు దొరికిన అనుమతి అంతే, దాన్ని ఎవరూ మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. మా అవ్వ మాత్రం ఊరుకోలేదు. "కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంట. బాగా సదువుకునే పిల్లను ఆ గిటారోడు చెడగొట్టినాడు" అని వీధంతా చెప్పుకుంది. పదిహేనేళ్ళకు నేను నోటుబుక్కు అట్ట మీద నా మొదటి ఆల్బమ్ పేరు రాసుకుంటే, అప్పటికి ఒక్క పాటా రాయలేదు లెండి, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అంది.

టౌనులో చర్చి పక్కన ఉండే ఒక మాస్టారు తన పాత గిటార్ నాకిచ్చి తీగలు నొక్కే నాలుగు పట్లు నేర్పాడు. సాధన అంతా షెడ్డులోనే. అక్కడైతే ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఎవరికీ వినపడదు. నాకూ వినపడదు. గిటార్ పొట్టను గడ్డానికి ఆనించుకుని, ఎముకలోంచి వచ్చే అదురుతో వాయించేదాన్ని. తాళం మగ్గాలు ఇచ్చేవి. తీగలు గట్టిగా కొట్టీ కొట్టీ తెంపేదాన్ని. నా అంత బాగా వాయించేవాళ్ళు జిల్లాలో లేరని గట్టి నమ్మకం.

నెలకోసారి కరెంటువాళ్ళు మరమ్మతులకని లైను ఆపేస్తారు. ఆ రోజు మా ఊరు ఊరంతా చెవులు చిల్లులు పడేంత నిశ్శబ్దం. అలాంటి ఒక రోజు గిటార్ తీసుకుని వసారాలో కూర్చుని, ఇంటిల్లిపాదికీ వినిపిద్దామని మొదలుపెట్టాను. నా చెవులతో నన్ను నేను విన్నది అదే మొదటిసారి. నాకే భయం వేసింది. అవ్వ రెండు నిమిషాలు ఓపిక పట్టి, "ఇన్ని దినాలు ఇదా నువ్వు వాయించినది? తరి ఆడనీ తల్లీ, తరి ఆడనీ" అని ఆకాశానికి దండం పెట్టింది. తరి అంటే మగ్గం. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు మళ్ళీ వాయించాను.

కాలేజీకి కోయంబత్తూరు వెళ్ళాను. అక్కడ ఒక డ్రమ్మరు దొరికాడు, బేస్ గిటార్ వాయించే ఇంకొకడు దొరికాడు. ముగ్గురం బ్యాండు కట్టాం. ఇంగ్లీషులో పాటలు రాసి పాడాను. మగ్గాల మీద పెరిగిన గొంతు రాక్ సంగీతానికి అచ్చంగా సరిపోయింది, చెప్పుకోకూడదు గాని. చదువు అయ్యాక అక్కడే నేత యంత్రాల కంపెనీలో ఉద్యోగం, శని ఆదివారాలు పాట.

మా రాజపాళయంలో మొదటిసారి పాడే అవకాశం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళంతా వ్యాను కట్టించుకుని వచ్చారు. మధ్యాహ్నం కచ్చేరి, చిన్న హాలు. నైన గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను రాక్ పాడేవాళ్ళందరిలాగే మైకును నోటికి ఆనించి, కళ్ళు మూసుకుని పాడాను. కళ్ళు తెరిచినప్పుడల్లా నైన ముఖం ఒకేలా ఉంది. బ్యాంకులో వరసలో కూర్చున్నవాడి ముఖం.

నాలుగో పాట మధ్యలో, మూడో వరసలో ఉన్న మా చిన్నమామ అత్త వైపు వంగి నవ్వుతూ ఏదో అన్నాడు. మామకు తెలియనిది ఏంటంటే, షెడ్డులో పెరిగినవాళ్ళకు నలభై అడుగుల దూరంలో కదిలే పెదాలు కూడా తెరిచిన పుస్తకమే. "చెవిటోని ముందర శంఖం ఊదితే, ఏ ఎమిక కొరుకుతా ఉండావురా అన్నాడంట" అన్నాడు మామ. శంఖం ఊదుతుంటే ఎముక కొరుకుతున్నాడనుకున్న చెవిటివాడి సామెత. అందరికీ తెలిసిందే.

సరిగ్గా అప్పుడే నైన వెనక వరసలో ఉన్న అమ్మకోసం వెనక్కి తిరిగాడు. ఆయన చూపు మామ నోటి మీదే ఆగింది. తర్వాత మెల్లిగా ముందుకు తిరిగి నావంక చూశాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది. ఆయన చూశాడని నాకు తెలిసింది. నైన చప్పట్లు కొట్టాడు. పాట ఇంకా అయిపోలేదు.

వ్యానులో మామ మీద పడి రక్కేద్దామనుకున్నాను. అమ్మ ముందు సీటులోంచి తిరిగి, "నోరు ముయ్యి" అంది పెదాలతో. మూసుకున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చే ఉద్దేశమూ లేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో నైన నన్ను ఆపాడు.

"అన్ని పాటలూ మైకు మింగేసి పాడినావే పాపా. ఒక మాటన్నా కనపడలే."

"అది ఇంగ్లీషు నైనా. కనపడినా నీకు తెలీదు."

"ఇంగ్లీషు ఏంటికి? మనింట్లో ఎవురు ఇంగ్లీషులో తిట్టుకుంటారు?"

ఆ వారమే మా ఇంటి తెలుగులో ఒక పాట మొదలుపెట్టాను. మాకు తెలుగు నోటికే గానీ చేతికి లేదు. తమిళ అక్షరాలతోనే రాసుకున్నాను. ఈ తెలుగు లిపి నేను నేర్చుకున్నది ఆ తర్వాతే, ఒకటో తరగతి పిల్లలా.

అప్పటినుంచి రెండు వారాలకోసారి మదురై మీదుగా బస్సెక్కి వచ్చేదాన్ని. శ్రీవిల్లిపుత్తూరులో దిగి అవ్వకు పాలకోవా కొని, ఇంటికి వచ్చి తిన్నగా షెడ్డులోకి నడిచేదాన్ని. నైన ఒక మగ్గం మీద చెయ్యి వేసి నిలబడి, "ఏదీ, పాట చూపించు" అనేవాడు. మా ఇంట్లో పాట వినిపించమని అడగరు. నేను ఎదురుగా నిలబడి ఒక్కో వరస పెదాలతో పాడేదాన్ని. రాగం ఆయనకు అందదు. తాళం మాత్రం మగ్గాల నుంచి ఇద్దరికీ ఒకటే అందుతుంది. గొంతు లోపల పుట్టే మాటలు పైకి కనపడవు, వాటికి తల అడ్డంగా ఊపేవాడు. వాటిని తీసేసి పెదాల మీద పలికే మాట వెతికేదాన్ని. వరస మరీ పొడుగైతే నడిమిలోనే తల తిప్పి మగ్గం చూసుకునేవాడు. అంటే ఆ వరస బాగాలేదని అర్థం. ఒక్కోసారి రెండు వరసలకు నెల పట్టేది. ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుని రాసిన చరణం మొత్తం చూసి, "ఇది ముందే చెప్పినావు కదా" అన్నాడు. నిజమే, చెప్పాను.

మూడేళ్ళలో ఎనిమిది పాటలు ఆయన చూసి సరే అన్నవి. మాటలు ఎంత సాదాగా, ఎంత గట్టిగా ఉన్నాయో అని ఇప్పుడు కొందరు మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు నాది కాదు, మగ్గం మీద చెయ్యి వేసి నిలబడ్డాయనది.

తొమ్మిదో పాట మాత్రం ఆయనకు చూపించలేదు. అది బస్సులో రాశాను. ఇలా ఉంటుంది:

పన్నెండు తరులు తినినాయి నీ చెవులు
మిగిలిన చూపుతో పెంచినావు నన్ను
నైనా, నీకు వినపడదు, నాకు తెలుసు
ఎదురుగా నిలబడి పాడతా, చూడు

ఆ మూడో వరస మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనని మాట. దాన్ని నేను పాటలో పెడితే రాజపాళయం అంతా వింటుంది, చిన్నమామతో సహా. నైన అన్నేళ్ళు దాచుకున్నదాన్ని కన్నకూతురే మైకులో చెప్పినట్టవుతుంది. పోనీ తీసేద్దామంటే, మిగతా ఎనిమిది పాటలూ ఎందుకు పుట్టాయో చెప్పే పాట అదొక్కటే. అది లేకుండా ఆల్బమ్ ఇస్తే నాకు మోసంగా ఉంటుంది. బ్యాండులో వాళ్ళిద్దరూ ఆ పాటే అన్నిటికన్నా బాగుందన్నారు. వాళ్ళకేం, వాళ్ళ నాన్న కాదు కదా.

కోయంబత్తూరులో ఒక స్టూడియో తీసుకుని రికార్డు చేశాం. ఎనిమిది పాటలూ అనుకున్నట్టే వచ్చాయి. తొమ్మిదోది పాడి, చెమటలు కక్కుతూ బయటికి వచ్చాను. ఇంత బాగా ఎప్పుడూ పాడలేదనుకున్నాను. సౌండ్ ఇంజనీరు నావంక అదోలా చూశాడు.

"మూడో లైను ఎక్కడ?" అన్నాడు.

"పాడాను కదా."

వినిపించాడు. రెండో వరస తర్వాత గిటార్ ఆగింది. డ్రమ్ము నడుస్తోంది. నా గొంతు లేదు. తర్వాత నాలుగో వరస మామూలుగా వచ్చేసింది. నేను అతని మీద, అతని వైర్ల మీద, మైకు మీద మండిపడ్డాను. అతను పాపం వైరు మార్చాడు. మళ్ళీ పాడాను. మళ్ళీ అంతే. అద్దం అవతల కూర్చున్న మా డ్రమ్మరు లోపలికి వచ్చి, "నీ పెదాలు ఆడాయి. గొంతు రాలేదు" అని మెల్లిగా చెప్పాడు.

నాకు టీచరమ్మ స్కేలు గుర్తొచ్చింది. ఆరుసార్లు పాడాను. ఆరుసార్లూ ఆ వరస దగ్గర పాడాననే అనుకున్నాను. చివరికి అలాగే వదిలేయమన్నాను. ఇప్పుడు ఆల్బమ్‌లో ఆ పాట అలాగే ఉంది. అక్కడ ఆ ఖాళీ ఎందుకని వినేవాళ్ళు అడుగుతుంటారు. కొందరు చాలా గొప్ప ఆలోచన అంటారు. నేను కాదనను.

కాని అప్పటికి ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు. శుక్రవారం విడుదల. ఏదైనా పాట తీసేయాలంటే బుధవారం లోపల చెప్పాలి. మంగళవారం తెల్లవారకముందే బస్సెక్కాను. "మా నైన ముఖం చిట్లిస్తే ఎనిమిది పాటలే" అని డ్రమ్మరుతో చెప్పి వచ్చాను.

పదకొండు గంటలకు షెడ్డులోకి వెళ్ళాను. పన్నెండు మగ్గాలూ ఆడుతున్నాయి. నైన కనుబొమల మీద తెల్లగా దూది నూగు. నన్ను చూసి, "అయిపోయిందా? చూపించు" అన్నాడు.

ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోను జేబులో వేసుకుని, ఎదురుగా నిలబడ్డాను. మొదటి పాటనుంచి వరసగా అన్నీ పెదాలతో పాడాను. నైన మొదట మగ్గాలు చూసుకుంటూ, నన్ను చూస్తూ ఉన్నాడు. మూడో పాటనుంచి నన్నే చూశాడు. అయిదో పాటలో ఒక మాట దగ్గర చెయ్యెత్తి, "ఇది మార్చినావే" అన్నాడు. నిజంగానే మార్చాను. చివరి మగ్గాల దగ్గర ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా పని చేస్తూనే నా నోరు చూస్తున్నారు. వాళ్ళకు తెలుగు కొంచెమే వచ్చు, అయినా చూస్తున్నారు.

తొమ్మిదో పాట వచ్చింది. రెండు వరసలు అయ్యాయి. చెవిలో గిటార్ ఆగింది. డ్రమ్ము ఒక్కటే నడుస్తోంది.

"నైనా, నీకు వినపడదు, నాకు తెలుసు."

నైన రెప్ప వెయ్యలేదు. పక్క మగ్గంలో దారం తెగి అది ఆగిపోయింది. ఏ పని మీద ఉన్నా మగ్గం ఆగితే చటుక్కున తిరిగే మనిషి, అటు చూడలేదు. నేను పాట పూర్తి చేశాను.

అప్పుడు వెనక్కి తిరిగి, ఆ మగ్గం దగ్గరికి పోయి, తెగిన దారం ముడి వేశాడు. చాలాసేపు వేశాడు. నావైపు ఆయన వీపు. వీపు తిప్పిన మా నైనకు ఏమీ చెప్పడానికి కుదరదు, అందుకని ఊరికే నిలబడ్డాను. ఎనిమిది పాటలే అని డ్రమ్మరుకు ఏ మాటలతో చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మగ్గం మళ్ళీ ఆడింది.

నైన ఇటు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"చిన్నప్పటినుంచి. నువ్వు వద్దంటే ఈ పాట తీసేస్తా నైనా."

"తీసెయ్యబాకు."

తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, షెడ్డు నట్టనడుమ నిలబడి, ఆ చివరి మగ్గందాకా కనపడేటట్టు పెదాలు బాగా విప్పి చెప్పాడు.

"మొదలు మీ చిన్నమామకు పంపించు. చెవిటోని ముందర మా పాప శంఖం ఊదింది, ఎమిక బాగా కొరికిందని నైన చెప్పినాడని చెప్పు."

చివర ఉన్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, తర్వాత పడీ పడీ నవ్వారు. నైన కూడా నవ్వాడు. చెవిటోడు అనే మాట ఆయన తన మీద చెప్పుకోవడం, అదీ షెడ్డులో, అదే మొదటిసారి. నేను గొంతెత్తి భోరున ఏడ్చాను. పన్నెండు మగ్గాల్లో ఎవరికీ వినపడలేదు, నైనకు మాత్రం కనపడింది. వచ్చి నా తల మీద చెయ్యి ఆనించి, మగ్గం మీద పెట్టినట్టే, కాసేపు అలాగే ఉంచాడు.

వంటింటి కిటికీలోంచి అమ్మ, "ఏమైంది? ఏం చెప్పినాడు?" అంటోంది. నైన అన్నదంతా పెదాలతో ఆమెకు అందించాను. అమ్మ ఏదో అంది, కాని అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమందో నాకు కనపడలేదు.